వాడేవాళ్ళు పేపర్లు రాయరు

గూగుల్ స్కాలర్‌లో మా మేస్టారి పేరు వెతికితే సైటేషన్లు, అంటే ఆయన పేపర్లను వేరే పేపర్లు ఉదహరించిన లెక్క, రెండంకెలు దాటవు. ఆ సైటేషన్ల నుంచే కట్టే హెచ్-ఇండెక్స్ అనే అంకె కూడా చెప్పుకోదగ్గది కాదు. "ఇన్నేళ్ళు సైకాలజీ చెప్పిన మనిషి రికార్డు ఇంతేనా?" అని ఈమధ్య ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన సెలక్షన్ కమిటీల్లో కూర్చునే మనిషి. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు, తెర మీద కనబడిందే చదివారు. అయినా నాకు చాలా బాధేసింది. మేస్టారు పిల్లల కోసం తెలుగులో తయారుచేసిన తెలివి పరీక్ష ఒడిశాలో గోపాల్‌పూర్ తీరంలోని జాలరి పేటల్లోనూ, పర్లాకిమిడి వైపు పల్లెల్లోనూ, పిల్లల క్యాంపు ఎక్కడ పెట్టినా ఇవాళ్టికీ బయటికి వస్తుంది. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ పై అంచు చెరిగిపోయి, ఆ కాగితాల మీద ఆయన పేరు కూడా మిగల్లేదు.

పోయేది మేస్టారి గౌరవం ఒక్కటే అయితే నేనిది రాసేదాన్ని కాదు. ఆయనకు ఆ పట్టింపు ఎప్పుడూ లేదు. సైటేషన్లతో సైకాలజీ పరిశోధకుల విలువ కట్టడం వల్ల మా సరిహద్దు పిల్లలకు కావాల్సిన పని అసలు మొదలవకుండానే ఆగిపోతోంది. నా గొడవ అది.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వేరుపడ్డాక కూడా తెలుగు ఇళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. పట్టు నేసే వీధుల్లో, బజార్లో, సముద్రం ఒడ్డున నోలియా జాలర్ల పేటల్లో, పడమరగా పోతే గుణుపూర్, రాయగడ, జయపురాల్లో తెలుగు వినబడుతూనే ఉంటుంది. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదువుతారు. పెద్దయ్యేసరికి రెండూ బాగా వస్తాయి. చిక్కంతా ఒకటో తరగతికీ మూడో తరగతికీ మధ్యే ఉంది.

ఆ వయసులో పిల్లాడు వెనకబడితే బడివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళమంటారు. అక్కడ పరీక్ష చేస్తారు. "మా గుంటడికి బుద్ధి తక్కువంటన్నారమ్మా, కాగితం కూడా ఇచ్చీసినారు" అని ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. ఆ కాగితం చూశాను. పరీక్షలో రెండు సగాలుంటాయి. మాటలతో అడిగే సగం ఒకటి, దిమ్మలూ బొమ్మలతో చేయించే సగం ఒకటి. ఆ పిల్లాడికి మాటల సగం ఒక్కటే చేశారు, అదీ ఒడియాలో. రెండో సగం రాసే చోట గీత కొట్టి ఉంది. కింద మాత్రం ఒకే ఒక అంకె వేసి, దాని పక్కన ఒక ముద్ర కొట్టారు. ఆ అంకెతో ఆ పిల్లాడి బడి, పింఛను, పెళ్ళి అన్నీ ముడిపడతాయి. ఏ ఆసుపత్రి అన్నది అనవసరం. ఇంకో చోట అయినా జరిగేది అంతే, ఎందుకంటే పరీక్ష చేసే అమ్మాయి చేతిలో తెలుగుది లేదు.

మన దేశంలో పిల్లలకు వాడే తెలివి పరీక్షలు ఎక్కడివో ఒకసారి చూడండి. బినే-కామత్ పరీక్షను 1930లలో బొంబాయి ప్రాంతంలో మరాఠీ, కన్నడ పిల్లల కోసం మలిచారు. మాలిన్ స్కేలు అమెరికా వెక్స్‌లర్ పరీక్ష ఆధారంగా 1969లో నాగపూర్‌లో తయారైంది. భాటియా పరీక్ష 1955 నాటిది, ఉత్తరప్రదేశ్‌ది. అన్నీ మంచి పనులే. ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి ఏదో ఒక ఊరి పిల్లల మధ్య కూర్చుంటేనే అవి తయారయ్యాయి. కానీ ఒడిశాలో తెలుగు మాట్లాడే పిల్లాడు వాటిలో దేనికీ లెక్కలోకి రాడు.

మేస్టారు పట్టుకున్న పని అదే. బయటివాళ్ళకు అది అనువాదంలా కనబడుతుంది. నిజానికి అనువాదం దానిలో చిన్న ముక్క. ముందు ప్రశ్నలను తెలుగులోకి తేవాలి. మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు చూడాలి. తర్వాత పిల్లల దగ్గర కూర్చుని, "నేనేం అడిగానో నువ్వు చెప్పు" అని ప్రశ్న ప్రశ్నకూ అడగాలి. అర్థంకాని వాటిని తీసేయాలి, కొత్తవి పెట్టాలి. తేలిక ప్రశ్న ముందూ కష్టమైనది వెనకా వచ్చేలా మళ్ళీ వరుస కట్టాలి, ఎందుకంటే అమెరికా పిల్లాడికి తేలికైనది గంజాం పిల్లాడికి తేలిక కానక్కర్లేదు. కొన్ని వారాల తర్వాత అదే పిల్లలకు మళ్ళీ పరీక్ష పెట్టి మార్కులు నిలకడగా ఉన్నాయా అని చూడాలి. అన్నిటికంటే కష్టమైనవి నార్మ్స్. ఏ వయసు పిల్లలు సగటున ఎంత తెచ్చుకుంటారో వందల మందిని కూర్చోబెట్టి పట్టిక వేయాలి. అది లేకపోతే పిల్లాడి మార్కుకు అర్థమే ఉండదు. మేస్టారు సెలవుల్లో, ఆదివారాల్లో, సొంత ఖర్చుతో ఆ పట్టిక వేశారు. తీరం ఊళ్ళలో ఒకటి, పర్లాకిమిడి వైపు ఒకటి, పోల్చి చూడడానికి ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో ఒకటి.

దాని మీద ఆయన రాసినవి రెండు మూడు పేపర్లు, ఒక సెమినార్ సంపుటిలో ఒక వ్యాసం. అంతే.

ఇక్కడ సైకాలజీ తెలిసినవాళ్ళు ఒక మాట అడుగుతారు, న్యాయమైన మాటే. ఈ శాస్త్రంలో పరీక్షలూ స్కేళ్ళూ తయారుచేసినవాళ్ళకే కదా ఎక్కువ సైటేషన్లు వచ్చేది? నిజమే. క్రాన్‌బాక్ 1951లో పరీక్షల నిలకడను కొలిచే ఆల్ఫా గురించి రాసిన పేపర్, బెక్ 1961లో డిప్రెషన్ మీద ఇచ్చిన ప్రశ్నావళి, ఇలాంటివాటికి వేలకు వేలు ఉన్నాయి. వాటిని వాడేవాళ్ళు పేపర్లు రాసేవాళ్ళు కాబట్టి వచ్చాయి. గంజాం తీరంలో తెలుగు పరీక్షను వాడేది ఎవరు? క్యాంపులో పనిచేసే అమ్మాయి, ప్రత్యేక అవసరాల పిల్లల టీచరు, జిల్లా ఆసుపత్రిలో చేరిన కొత్త డాక్టరు. వాళ్ళు రిపోర్టు రాస్తారు, ఆ రిపోర్టు ఫైల్లోకి పోతుంది. ఏ సైటేషన్ సూచీ ఆ ఫైలు తెరవదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఆ తెలుగు రూపాన్ని వాడి నిజంగానే పేపర్ రాస్తారు. అందులో అమెరికాలో పుట్టిన అసలు పరీక్షను ఉదహరిస్తారు, తెలుగు రూపం వాడామని ఒక వాక్యం కలుపుతారు. ఆ తెలుగు రూపం ఎవరిదో చెప్పరు. ఒకవేళ చెబుదామన్నా జర్నల్ రివ్యూయర్ ఆ చిన్న జర్నల్ పేరు చూసి తీసేయమంటాడు. అలా మేస్టారి పనిని వాడుకున్న ప్రతిసారీ సైటేషన్ ఒకటి సముద్రం దాటి, ఇప్పటికే వేలు ఉన్నవాళ్ళ ఖాతాలో పడుతుంది. ఉన్నవాడికే ఇంకా చేరుతుందని సోషియాలజిస్టు రాబర్ట్ మెర్టన్ 1968లోనే రాశాడు. మా దగ్గర అది ఇలా జరుగుతుంది.

ఈ లెక్కలన్నీ మొదట ఇందుకు పుట్టినవి కావు. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చింది, ఒక పేపర్ నుంచి దాన్ని వాడుకున్న పేపర్లకు దారి దొరకాలని. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క, ఏ జర్నళ్ళను ఆ సూచీలో చేర్చాలో తేల్చుకోవడానికి పనికొచ్చింది. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. ఒకరి పేపర్లలో పదింటికి ఒక్కోదానికి కనీసం పదేసి సైటేషన్లుంటే హెచ్ 10. మూడే పేపర్లు రాసినవాడికి, వాటికెన్ని వేలున్నా, అది 3 దాటదు.

తర్వాత ఇవి మనుషుల మీదికి వచ్చాయి. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ, అధ్యాపకుల పరిశోధనకు మార్కులు కట్టడానికి 2018 నిబంధనల్లో ఇచ్చిన పట్టికలో సోషల్ సైన్సెస్ వాళ్ళకు ఒక పేపర్‌కు 10 మార్కులు, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెరిగే కొద్దీ పైన ఇంకొన్ని. ఒక అధ్యాయాన్నో పేపర్‌నో అనువదిస్తే 3. ఒక పరీక్షను ఒక ప్రాంతపు పిల్లల కోసం మలిచి నార్మ్స్ వేయడానికి అందులో విడిగా గడి లేదు. ఏళ్ళ పని పేపరైతేనే 10, లేకపోతే సున్నా. కాలేజీ పిల్లలకు వాట్సాప్‌లో గూగుల్ ఫారం పంపి, మొబైల్ వాడకానికీ ఒత్తిడికీ సంబంధం అని నెలలో రాసినదానికీ అదే 10. అలాంటి పేపర్లన్నీ పనికిరావని నేననను. కానీ పాతికేళ్ళ అమ్మాయి, ఇంటి మీద అప్పున్న అమ్మాయి, ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటుంది?

ఎక్కువ సైటేషన్లు ఉన్నంత మాత్రాన పని గట్టిదని నమ్మడానికీ లేదు. హాన్స్ ఐసెంక్ 1997లో చనిపోయేనాటికి, బతికున్న సైకాలజిస్టుల్లో అందరికంటే ఎక్కువ సైటేషన్లున్న మనిషిగా పేరు. ఫలానా స్వభావం ఉన్నవాళ్ళకే క్యాన్సర్ వస్తుందంటూ ఆయన మరొకరితో కలిసి రాసిన పేపర్ల మీద 1992లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెలోసీ, యాపిల్‌బీ గట్టి అభ్యంతరాలు లేవదీశారు. ఆయన పనిచేసిన సంస్థను తర్వాత కలుపుకున్న లండన్ కింగ్స్ కాలేజీ 2019లో విచారణ జరిపి, వాటిలో 26 పేపర్లు నమ్మదగినవి కావని తేల్చింది. మధ్యలో పాతికేళ్ళకు పైగా గడిచాయి. అన్నాళ్ళూ సైటేషన్లు పెరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే తప్పు పట్టడానికి ఉదహరించినా అదీ సైటేషనే. 2021లో సెర్రా-గార్సియా, నీజీ అనే ఇద్దరు లెక్క తీసి చూపారు: తిరిగి చేసి చూస్తే నిలబడని పరిశోధనలకే నిలబడినవాటికంటే ఎక్కువ సైటేషన్లు వస్తున్నాయి. ఆశ్చర్యం కలిగించే ఫలితాన్ని అందరూ ఎత్తుకుంటారు. ఏడేళ్ళ తెలుగు పిల్లల నార్మ్స్ పట్టికలో ఆశ్చర్యపడేది ఏముంటుంది?

ఒడిశాలో పుట్టిన జగన్నాథ ప్రసాద్ దాస్ ఆ ఐసెంక్ దగ్గరే లండన్‌లో పీహెచ్‌డీ చేశారు. తర్వాత కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో స్థిరపడి, తెలివి అనేది ఒక్క అంకె కాదు, ప్రణాళిక, ధ్యాస, ఒకేసారి గ్రహించడం, వరుసగా గ్రహించడం అనే నాలుగు పనులని ఒక సిద్ధాంతం కట్టారు. నాగ్లియరీతో కలిసి 1997లో దాని మీద పరీక్ష కూడా తెచ్చారు. మా పిల్లాడి కాగితం మీది ఆ ఒక్క అంకె చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. అయితే "జె. పి. దాస్" అని వెతికితే ఇంకొకరు కూడా తగులుతారు, పేరున్న ఒడియా రచయిత. ఇద్దరు వేరు వేరు మనుషులు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తెలుగువాళ్ళకు ఈ బాధ ఇంకా ఎక్కువ. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. డేటాబేస్ చివరి మాటను ఇంటిపేరనుకుంటుంది. దాంతో మనలో సగం మంది "రావు" అనే ఒకే ఇంటివాళ్ళమైపోతాం. ఒకే మనిషి పేపర్లు ఒకచోట రావు కింద, ఒకచోట శ్రీనివాసరావు కింద, ఒకచోట ఇంటిపేరు కింద చీలిపోతాయి. ఒడిశా బళ్ళో చదివితే సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివరికి మారుతుంది కాబట్టి మాకు నాలుగో రకం కూడా ఉంటుంది. పెళ్ళయిన ఆడవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. హెచ్-ఇండెక్స్ అంతా ఒకే ఖాతాలో ఉంటేనే పెరుగుతుంది. చీలితే ఒక్కో ముక్కకూ చిన్న అంకె వస్తుంది. 2012 నుంచి ఆర్కిడ్ అని పదహారు అంకెల గుర్తింపు ఇస్తున్నారు. కొత్తవాళ్ళు తప్పకుండా తీసుకోవాలి. మేస్టారి తరం పేపర్లను మాత్రం ఎవరో ఒకరు కూర్చుని కలపాలి.

ఇంత చెప్పాక ఈ లెక్కలు మొత్తం తీసేయమంటానని అనుకోవచ్చు. అనను. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. మా వైపు ఉద్యోగాలు సిఫారసుతో, కులంతో, కవరుతో వచ్చిన రోజులు అందరికీ తెలుసు. ఎవరి తాలూకో చెప్పుకోలేని పిల్లలకు తమ చేతిలో ఉన్న ఒక అంకె చూపించగలగడం చిన్న విషయం కాదు. నా దగ్గర చదువుకున్న జాలరి ఇంటి పిల్ల ఒకామె, పెద్దమనిషి ఉత్తరం ఏదీ లేకుండా, పేపర్ల బలం మీద ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. అంకెను తీసేస్తే ఆ కుర్చీ దగ్గరికి మళ్ళీ ఫోన్లే వస్తాయి. కాబట్టి అంకె ఉండాలి.

కానీ అంకె కూడా అమ్ముడుపోతోందని మరవకూడదు. యూజీసీ ఆమోదించిన జర్నళ్ళ జాబితాలో విశ్వవిద్యాలయాలు సిఫారసు చేసినవాటిని పుణెకు చెందిన భూషణ్ పట్వర్ధన్ బృందం 2018లో జల్లెడ పట్టింది. చూసిన వెయ్యికి పైగా జర్నళ్ళలో 88 శాతం నాసిరకమని కరెంట్ సైన్స్ జర్నల్‌లో రాసింది. తర్వాత దాని స్థానంలో యూజీసీ-కేర్ అనే కొత్త జాబితా వచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేశారు. డబ్బు కట్టి పేపర్ వేయించుకునే దారి ఉన్నప్పుడు, అంకె పేదపిల్లకు ఎంత రక్షణో డబ్బున్నవాడికీ అంతే రక్షణ.

అందుకే అంకెతో పాటు చదవడం కూడా ఉండాలంటాను. అభ్యర్థి తన పనుల్లో మంచివనుకున్న మూడింటిని ఇవ్వాలి. కమిటీలో ఇద్దరు వాటిని నిజంగా చదివి, రెండు పేరాలు రాసి సంతకం పెట్టాలి. ఆ మూడింటిలో పరీక్షో, నార్మ్స్ పట్టికో, టీచర్లకు రాసిన కరదీపికో ఉండవచ్చు. దాన్ని ఎవరు వాడుతున్నారో చూపించే ఉత్తరాలు జతచేయవచ్చు. ఇది నా కొత్త ఊహ కాదు. పరిశోధనను అంకెలతో ఎలా కొలవాలో చెబుతూ 2015లో నేచర్ పత్రికలో వచ్చిన లైడెన్ మేనిఫెస్టోలోని పది సూత్రాల్లో మూడోది, స్థానికంగా అవసరమైన పరిశోధనలోని శ్రేష్ఠతను కాపాడమంటుంది. మన దగ్గర కమిటీలకు ఆ మూడో సూత్రం ఒక్కటి ఒంటబట్టినా నాకు చాలు.

స్థానికం అంటే చిన్నది అనుకునేవాళ్ళకు అజిత్ మొహంతి పని చూపిస్తాను. ఉత్కళ విశ్వవిద్యాలయంలో ఉండి తర్వాత జేఎన్‌యూకి వెళ్ళిన సైకాలజిస్టు. అప్పటి ఫుల్బణీ జిల్లాలో కొన్ని కోంధు ఊళ్ళు కుయి భాషను నిలుపుకుని ఒడియా కూడా మాట్లాడతాయి. కొన్ని ఊళ్ళకు కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. తెగ ఒకటే, పేదరికం ఒకటే, తేడా భాషలో మాత్రమే. ఆ రెండు రకాల పిల్లలను పోల్చి చూస్తే రెండు భాషల పిల్లలే ముందున్నారు. రెండు భాషలు పిల్లల బుర్రకు బరువన్న పాత నమ్మకాన్ని 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు కదిలించారు. కానీ డబ్బు, సంస్కృతి తేడాలను ఇంత శుభ్రంగా పక్కకు పెట్టే అవకాశం ఒడిశా కొండల్లోనే దొరికింది. అది ఆ ఊళ్ళ గురించి తెలిసినవాడికే తడుతుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ జర్నళ్ళు ఆరింటిని ఆర్నెట్ అనే సైకాలజిస్టు పరిశీలిస్తే, 2003–07 మధ్య పరిశోధనల నమూనాల్లో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవే అని తేలింది. మిగతా లోకంలో ఇలాంటి అవకాశాలు ఇంకెన్ని పడి ఉన్నాయో! తెలుగు-ఒడియా పిల్లలూ, తెలుగు-సవర పిల్లలూ మా గుమ్మం ముందే ఉన్నారు. 2006 నుంచి ఒడిశా ప్రభుత్వం గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది కాబట్టి సవర పిల్లలకు కొంత దారి పడింది. మా తీరం తెలుగు పిల్లలు ఆ పథకంలోకి రారు. వాళ్ళ గురించి తెలిసిన పరిశోధన కావాలి, చేసేవాళ్ళు కావాలి.

ఇప్పుడు నా దగ్గర పీహెచ్‌డీ మొదలుపెట్టిన అమ్మాయి గుణుపూర్‌ది. ఇంట్లో తెలుగు, చుట్టూ సవర, బడిలో ఒడియా. "మేడమ్, మొబైల్ టాపిక్ తీసుకోనా, నార్మ్స్ తీసుకోనా? నార్మ్స్ అంటే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు" అని అడిగింది. నార్మ్స్ చేయమన్నాను, కానీ మేస్టారిలా చేయవద్దన్నాను. పరీక్ష ప్రశ్నలకు కాపీరైట్ ఉంటుంది కాబట్టి వాటిని అందరికీ పెట్టలేం. నార్మ్స్ పట్టిక, ఏ ఊళ్ళలో ఎంతమందిని ఎలా పరీక్షించిందీ, ఏ ప్రశ్న ఎందుకు తీసేసిందీ మాత్రం పెట్టవచ్చు. పరిశోధన సమాచారం అందరికీ తెరిచి ఉంచే జెనోడో వెబ్‌సైట్‌లో పెడితే దానికి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు వస్తుంది, ఎవరైనా పేపర్‌లో ఉదహరించవచ్చు. ఆర్కిడ్ మొదటి రోజే తీయించాను. మేస్టారి పాత పట్టికలను కూడా ఆయన పేరుతోనే, ఆయన అనుమతితో, అందులోనే పెడుతున్నాం. ఆయన రాతప్రతుల్లోంచి అంకెలు ఎక్కించే పని ఆ అమ్మాయీ నేనూ పంచుకున్నాం. తీరం ఊళ్ళవి అయ్యాయి, పర్లాకిమిడి పట్టిక సగంలో ఉంది.